నలుగురికీ నచ్చని పుస్తకము



ఒక పుస్తకము పదిమందికి రుచించదు. ఒక్కరు మాత్రము దానిని విడువక చదువుతారు. అంతట మన అనుమానము పుస్తకము మీదనుండి ఆ మనిషి మీదికి పోతుంది. ఇది న్యాయమేనా?

సంఖ్యాకాండము 33వ అధ్యాయమునే చూడుడి. బైబిలు వరుసగా చదివేవారు కూడా అక్కడికి వచ్చేసరికి పేజీలు గబగబ తిప్పుతారు. ఐగుప్తు విడిచినది మొదలు ఇశ్రాయేలీయులు దిగిన చోట్ల పేర్లే ఒకదాని వెంట ఒకటి. అయితే నెల్లూరులో రైలెక్కి, గూడూరు, రేణిగుంట, కాట్పాడి, జోలార్‌పేట దాటి కె.ఆర్.పురములో పెట్టె దించుకున్న మనవారికి ఆ జాబితా వేరుగా వినబడుతుంది. తొలి అద్దె గది, పని దొరికిన వీధి, ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు మారిన సందు, ఇట్టి జాబితా మనకూ ఒకటి ఉన్నది. మన మజిలీలను కూడా ఎవరైనా వ్రాసి ఉంచితే బాగుండునని తోచదా? ఆ అధ్యాయమును ప్రేమించేవారిని చూసి నవ్వుకోవలసిన పని లేదు.

మార్టిన్ లూథర్‌కు యాకోబు పత్రిక నచ్చలేదు. 1522లో వెలువడిన తన జర్మను కొత్త నిబంధన ముందుమాటలో దానిని గడ్డితో పోల్చారు. అయినను తీసివేయక, చివరి భాగములో చేర్చి అచ్చువేయించారు. నచ్చినవారు చదువుకొనుటకు అది మిగిలినది.

మన గుఱ్ఱం జాషువాగారికి ఈపాటి మర్యాద దక్కలేదు. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబములో పుట్టిన ఆయన జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి వద్ద మేఘసందేశము, రఘువంశము నేర్చుకున్నారు. హిందూ పురాణములు చదివినందుకు క్రైస్తవ పెద్దలు ఆయనను వెలివేశారు. తక్కువ కులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చారని అవతలివారు అవమానించారు. ఇంటా గెంటివేత, బయటా గెంటివేత! ఆయన ఆ పుస్తకములను మాత్రము వదలలేదు. కాళిదాసు మేఘముతో సందేశము పంపితే, గుడిలో అడుగుపెట్టనివ్వని మనిషి మొరను ఆయన 1941లో గుడి చూరున వ్రేలాడే గబ్బిలముతో కాశీకి పంపారు. పెద్దల మాట విని మేఘసందేశము మూసివేసి ఉంటే ఆ కావ్యము మనకు ఎక్కడిది? ఆయన వ్రాసిన 'క్రీస్తు చరిత్ర'కే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది.

అయితే అట్టి చదువరికీ ఒక శోధన కలదు. నలుగురూ వద్దన్నారు గనుకనే ముద్దు అనుకొనువారూ ఉన్నారు. రేపు అందరూ ఆ పుస్తకమును మెచ్చుకుంటే మన ఇష్టము తగ్గునేమో చూసుకోవాలి. తగ్గితే, మనకు ముద్దు వచ్చినది మన ప్రత్యేకతే.

నేడు కె.ఆర్.పురము ఇళ్లలో తగవు తిరగబడినది. బడిలో కన్నడము, ఇంగ్లీషు చదివే మన పిల్లలకు జాషువా పద్యమంటే తలనొప్పి. వారు అన్నము మాని చదివే మాంత్రికుల కథలు మనకు చికాకు. ఆ పుస్తకము లాక్కొనక ముందు ఒక సాయంకాలము పక్కన కూర్చుని, "ఇందులో నీకేమి దొరికినదమ్మా?" అని అడుగుదాము. చెడ్డదైతే చెడ్డదని చెప్పవచ్చును, మనమూ నాలుగు పేజీలు చదివిన తరువాత. జవాబు సగము కన్నడములో వచ్చినా ఓపికతో విందాము.