తోలుకు పాపం అంటుతుందా?

రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ సైనిక మ్యాపు సంచుల్లో చాలావాటి తోలు మీద తయారీదారు పేరు, ఊరు, సంవత్సరం, గద్దబొమ్మతో తనిఖీ ముద్ర కనిపిస్తాయి. యుద్ధం ముదిరాక పేరు స్థానంలో సంఖ్యాసంకేతం వచ్చింది. సేకర్తలు అసలు, నకిలీ తేల్చడానికి ముందు వెతికేది వీటినే. సంకల్పం లేని వస్తువుకు పాపం అంటదన్న వాదన నాకు సమ్మతమే. అయితే దానివల్ల నిర్దోషిగా తేలేది సంచి మాత్రమే, కొన్నవాడి సంగతి వేరు. ముద్ర చదవగలిగినవాడు ఆ తోలు వెనకున్న మనుషుల గురించీ అడగాలి. నాజీల సాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో 1940 నుంచి తోలుకు ప్రత్యామ్నాయాల మన్నిక తేల్చడానికి ఖైదీలకు బూట్లు తొడిగి రోజంతా నడిపించారు. ఈ సంచి ఆ వ్యవస్థకు దూరపు చుట్టమే. ఇలాంటివి దాచుకోవడమే నాజీలను కీర్తించడం అంటారు కొందరు. తగలబెడితే సాక్ష్యమూ బూడిదవుతుంది కదా! గద్దను చూసి మురిసిపోయేవాడి విషయంలో మాత్రం వాళ్ల అభ్యంతరం న్యాయమే.