పూటకూళ్ల ధర్మం

డబ్బు పుచ్చుకుని పెట్టిన అన్నం ఆతిథ్యం కాదని మా పెద్దవాళ్ల నమ్మకం. లెక్క కట్టావా, పుణ్యం అక్కడితో చెల్లు. మా తుళ్లూరులో ఒక ఆడమనిషిని చూపించి "అన్నం అమ్ముకుని బతుకుతోంది" అన్నారంటే ఇంకో తిట్టు అక్కర్లేదు. కన్యాశుల్కంలో గిరీశం పూటకూళ్లమ్మ డబ్బు కాజేస్తాడు. అయినా ఇన్నేళ్లుగా మనం నవ్వుతున్నది ఆమెను చూసే. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందటి క్రీడాభిరామంలోనూ ఓరుగల్లు పూటకూళ్ల ఇల్లు కనిపిస్తుంది. ఒక్క రూకకు అక్కడ దొరికే భోజనాన్ని కవి నోరూరేట్టు వర్ణించాడు. వంటను మెచ్చుకున్నాం గానీ, వండి అమ్మిన మనిషిని మాత్రం మన వరసలో కూర్చోబెట్టుకోలేదు.

ఈ చిన్నచూపులో ధర్మం ఎంత, మన అహం ఎంత అన్నది నన్ను చాలాకాలంగా వదలని ప్రశ్న. మా మేడ మీది పోర్షన్ అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు పుట్టింది. ఉత్తర ధ్రువం వైపు ఒక ఇంట్లో డబ్బిచ్చి బస చేసి వచ్చాక బలపడింది.

శాస్త్రం అతిథిని చిన్న విషయంగా చూడలేదు. గృహస్థు రోజూ చెయ్యాల్సిన పంచ మహాయజ్ఞాల్లో మనుష్య యజ్ఞం ఒకటి, అంటే వచ్చినవాడికి అన్నం పెట్టడం. కఠోపనిషత్తులో నచికేతుడు యముడి గుమ్మంలో మూడు రాత్రులు తిండి లేకుండా ఉండిపోతే, తిరిగొచ్చిన యముడే భయపడి మూడు వరాలిచ్చాడు. ప్రాణాలు తీసే దేవుడు కూడా ఆకలితో ఉన్న పిల్లవాడికి బాకీపడ్డాడన్నమాట. నాకు అన్నిటికంటే బలంగా తగిలింది మాత్రం పరాశర స్మృతిలో ఉన్న ఒక నియమం. అతిథి గోత్రం అడగొద్దు, ఏ శాఖవాడో అడగొద్దు, ఏం చదివాడో అడగొద్దు, మనసులో దేవుడనుకుని పెట్టు అంటుంది. పెట్టడం ఒక్కటే చాలదు, అడక్కుండా పెట్టాలి. ఈ రెండోదే అసలు కష్టం.

మా అబ్బాయి ఓస్లోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక జనవరిలో మమ్మల్నిద్దరినీ ట్రోమ్సో తీసుకెళ్లాడు. అక్కడ నవంబరు చివర అస్తమించిన సూర్యుడు జనవరి మూడో వారం దాకా కనిపించడు. మధ్యాహ్నం కాసేపు నీలంగా వెలుతురు వస్తుంది, అంతే. సముద్రంలో వెచ్చటి ప్రవాహం ఉండబట్టి రేవు గడ్డకట్టదు గానీ, నేల మీద మాత్రం ఎటు చూసినా మంచే. ఊరి నుంచి వంతెన దాటితే క్వాలోయా అనే దీవి. అక్కడ ఒక చెక్క ఇల్లు. భార్యాభర్తలు, ఆయన తల్లి ఉంటారు. చలికాలంలో ఆకాశంలో ఆ ఆకుపచ్చ వెలుగులు చూడటానికి వచ్చేవాళ్లకు రెండు గదులు అద్దెకిస్తారు. పొద్దున టిఫిను వాళ్ల వంటింటి బల్ల మీదే, వాళ్లతో పాటే.

గది ధర అబ్బాయి ఫోన్లోనే చూసి కట్టేశాడు. మేం వెళ్లేసరికి ఆవిడ తలుపు తీసి, బూట్లు ఎక్కడ విప్పాలో చూపించి ఒక్కటే అడిగింది: మీరు ఏమేం తినరు? మావారు మాంసం తినరని చెబితే ఒక కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కు అంటించింది. మాది ఏ దేశమని కూడా ఆ రాత్రి అడగలేదు. మర్నాడు బల్ల దగ్గర, బెల్లం రంగు జున్నును పల్చటి రేకుల్లా కోసి రొట్టె మీద వేస్తూ, మాటల్లో మాటగా అడిగింది. నేను తీసుకెళ్లిన కరివేపాకు కారం ఆ రొట్టె మీద చల్లుకుని తిన్నాడు వాళ్లాయన. ముఖం ఎర్రబడినా వదల్లేదు. గుంటూరు మిర్చి యార్డు గురించి చెప్పాను. జనవరి 21న ట్రోమ్సోలో సూర్యుడు మళ్లీ కనిపిస్తాడనీ, ఆ రోజు ఊరంతా ప్రత్యేకంగా చేసిన బన్నులు తింటారనీ వాళ్లు చెప్పారు. మాకు దానికి దాదాపు వారం ముందే సంక్రాంతి అంటే ఆ ముసలావిడ సంతోషపడింది. సూర్యుడు ఉత్తరానికి తిరిగే పండగ అని నేను విడమరిచి చెబితే ఇంకా సంతోషపడింది.

ఆ ముసలావిడను నేను మర్చిపోలేను. నాకు తెల్లవారుజామునే మెలకువ వచ్చే అలవాటు. కిటికీలోంచి చూస్తే, వీధిదీపం వెలుతుర్లో, బూట్లకు ముళ్ల పట్టీలు తగిలించుకుని, బక్కెట్లోంచి సన్న కంకర గుప్పెళ్లతో తీసి మెట్ల మీద చల్లుతోంది. రాత్రి కురిసిన మంచు గట్టిపడి గాజులా జారుతుంది. మేం లేచి బయటికొస్తే పడతామని ఆవిడ తాపత్రయం. మనం తెల్లారగట్ల వాకిలి చిమ్మి ముగ్గు వేసినంత శ్రద్ధగా, ఒక్కో మెట్టూ వంగి చూసి చల్లింది. మేం కట్టిన డబ్బు పడకకూ, టిఫినుకూ. ఈ కంకరకు ఎవరూ వెల కట్టలేదు.

మేం తిరిగి రావాల్సిన రోజున మంచుతుఫాను పట్టి విమానం రద్దయింది. ఇంకో రాత్రి ఉన్నాం. ఆ రాత్రికీ డబ్బు తీసుకున్నారు, ముందు రాత్రులకు ఎంతో అంతే. మావారికి కొంచెం బాధేసింది. "మన ఇంట్లో అయితే తీసుకుంటామా" అన్నారు. నాకు మాత్రం అదే సరైన పద్ధతనిపించింది. నేను మళ్లీ ఆ దీవికి వెళ్లే మనిషిని కాను, వాళ్లు తుళ్లూరు వచ్చేవాళ్లూ కారు. ఊరికే పెట్టి ఉంటే నేను తీర్చలేని రుణంతో, కాస్త తల వంచుకుని వచ్చేదాన్ని. డబ్బు తీసుకున్నారు గనక సాటి మనిషిగా వచ్చాను. ఆతిథ్యం ఆ ఉత్తరాదికి కొత్త కాదు. ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దపు రాతప్రతిలో మిగిలిన హావమాల్ అనే పాత పద్యాలు ఉన్నాయి. చలిలో వచ్చినవాడికి ముందు నిప్పు, తర్వాత నీళ్లు, తువ్వాలు, తిండి ఇవ్వాలని వాటిలో ఉంది. ఒక రాత్రి బయట ఉంటే మనిషి బతకడం కష్టమైన నేల మీద పుట్టిన ధర్మం అది. ఇప్పుడు దానికి ధర పెట్టారు. ధర ఉంది కాబట్టే ఆ తలుపు నాలాంటిదానికి కూడా తెరుచుకుంది.

అలాగని అక్కడివాళ్లకు అందరూ ఒక్కటే అన్న బుద్ధి పుట్టుకతో వచ్చిందని నేను అనను. 1814లో రాసుకున్న నార్వే రాజ్యాంగం యూదులను దేశంలోకే రానివ్వలేదు. ఆ మాట తీసెయ్యడానికి 1851 దాకా పట్టింది. అదే ఉత్తరాన రెయిన్‌డీర్లను మేపుకునే సామీ జనం భాషను బళ్లలో అణిచేశారు. 1997లో రాజు హరాల్డ్ వాళ్లకు క్షమాపణ చెప్పాడు. "నువ్వెవరు" అని అడిగే జబ్బు అందరికీ ఉంది. మానుకోవడం నేర్చుకోవాల్సిందే.

మన సంగతి చూస్తే, ఊరికే పెట్టే చెయ్యి ఎప్పుడూ ఎంచుకునే పెట్టింది. సత్రాలు కట్టించిన పుణ్యాత్ముల సత్రాల్లోనే పంక్తులు వేరు. గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో పోయేదాకా కులం చూడకుండా అన్నం పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే, మిగతావాళ్లు చూసే పెట్టారనేగా. 2021 నవంబరు 1న మా తుళ్లూరు నుంచి తిరుపతికి, రాజధానిని అమరావతిలోనే ఉంచాలంటూ రైతుల పాదయాత్ర బయలుదేరినప్పుడు నేనూ కొంత దూరం నడిచాను. గుంటూరు జిల్లా దాటి ప్రకాశంలో అడుగుపెట్టాక కూడా ఊళ్లవాళ్లు ఎదురొచ్చి అన్నాలు పెట్టారు, కాళ్లకు నూనె రాశారు. ఆ రుణం నేను తీర్చుకోలేను. అయినా ఒక మాట చెప్పాలి. వాళ్లకు మేమెవరమో తెలుసు, ఎందుకు నడుస్తున్నామో తెలుసు. తెలిసినవాళ్లకు పెట్టడం ప్రేమ. పరాశరుడు అడిగింది తెలియనివాడికి పెట్టమని.

డబ్బు ఆ పని చెయ్యగలదు. అంగట్లో సరుకుకు ధర పెట్టాక ఎవరొచ్చి కొన్నా ఇవ్వాలి. గదికి అద్దె పెట్టాక, అద్దె ఇచ్చేవాడు ఎవడైనా అతిథే కావాలి. వెల కట్టినందుకు పుణ్యం పోతుందనుకుంటే పోనీ. దానితో పాటు ఎంచుకునే అధికారం కూడా పోవాలి. మా దగ్గర ధర వచ్చింది గానీ ఎంపిక మాత్రం పోలేదు.

2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగాక మా పొలాలు పోయి ప్రభుత్వమిచ్చే కౌలు మిగిలింది. సాగు లేని ఇళ్లల్లో మేడలు లేచాయి. వెలగపూడిలో సచివాలయం పెట్టాక ఉద్యోగులు, పనులకు బీహారు, ఒడిశా కూలీలు, సైట్ ఇంజనీర్లు వచ్చారు. మధ్యలో పనులు ఆగి మేడలు ఖాళీగా పడి ఉన్నాయి, మళ్లీ మొదలయ్యాక నిండుతున్నాయి. ఎవరొచ్చినా గేటు దగ్గర మొదటి ప్రశ్న "మీరేమిటోళ్లు?" అనే. అద్దె సంగతి ఆ తర్వాత.

ఒక మధ్యాహ్నం ఎండలో ఒక కుర్రాడు మా గేటు దగ్గర నిలబడ్డాడు. సర్వే పని చేస్తాడట, శ్రీకాకుళం వైపువాడని తర్వాత తెలిసింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. నేను తలుపు తియ్యగానే, అద్దె ఎంతో అడక్కుండా, ఏ ఊరో చెప్పకుండా, ముందు తన కులం చెప్పాడు. "మళ్లీ మీకు ఇబ్బంది ఎందుకండీ, ముందే చెప్పేస్తున్నా" అన్నాడు. ఎన్ని గేట్ల దగ్గర నిలబడితే ఒక మనిషికి ఆ మాట అలా అలవాటవుతుంది? మంచినీళ్లిచ్చి, తాళంచెవి ఇచ్చి పైకి వెళ్లి చూసుకోమన్నాను. నచ్చిందన్నాడు. ఆ సాయంత్రమే మా ఆడపడుచు ఫోన్ చేసింది. "డబ్బుకిచ్చే గదికి ధర్మాలేంటి వదినా, మన గది మనిష్టం" అంది.

మా వాళ్లు రెండు వైపులా పట్టుకున్నారు. డబ్బు తీసుకుంటున్నాం కాబట్టి ఇది ఆతిథ్యం కాదు, అందుకని దీనికి ధర్మం లేదంటారు. ఇల్లు మనది కాబట్టి ఎవరిని రానివ్వాలో మన ఇష్టమని అదే నోటితో అంటారు. వ్యాపారమైతే అందరికీ ఇవ్వాలి. ఆతిథ్యమైతే అడక్కుండా ఇవ్వాలి. ఎటు చూసినా ఆ గేటు దగ్గరి ప్రశ్నకు చోటు లేదు.

పనులు అయిపోయాక ఆ కుర్రాడు వెళ్లిపోయాడు. గది మళ్లీ ఖాళీ అయింది. కొత్త టులెట్ బోర్డు మీద అద్దె ఎంతో, అడ్వాన్స్ ఎంతో, నీళ్లు ఏ వేళకు వస్తాయో రాయించాను. ఇంకా ఏం రాయించాలో మా ఆడపడుచు చెబుతూనే ఉంది.