చలి చేపకా, మనకా?

అనంతగిరి పద్మనాభస్వామి వీడియో పెట్టాక ఒక చెల్లెలు పంపిన ప్రశ్న వారం రోజులుగా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. వాళ్లకి వికారాబాద్ దగ్గర చిన్న ఫామ్‌హౌస్ ఉందట. పెరట్లో తాండూరు బండలతో కట్టిన నీళ్ల తొట్టి, అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు. డిసెంబర్ వచ్చాక అవి అడుగున కదలకుండా పడి ఉంటున్నాయి, వేసిన మేత సరిగ్గా తినట్లేదు. "చలికి చచ్చిపోతాయేమో అన్నా, చూడలేకపోతున్నాం. స్వామివారి కోనేట్లో వదిలేస్తే వాటికి స్వేచ్ఛ, మాకు పుణ్యం కదా?" అని అడిగింది.

ముందు చేప సంగతి చూద్దాం, పుణ్యం ఎక్కడికీ పోదు. గోల్డ్‌ఫిష్‌ని చైనాలో వెయ్యేళ్ల కిందటి నుంచే పెంచుతున్నారు. మన బొచ్చె, రోహుల కుటుంబమే, కానీ చలిదేశపు బిడ్డ. పైన మంచు గడ్డకట్టిన కుంటల్లో కూడా చలికాలం గడిపేస్తుంది. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి కాబట్టి గడ్డ పైనే కడుతుంది, అడుగున నీళ్లు నీళ్లుగానే మిగులుతాయి. అక్కడ చేరి కదలకుండా ఉంటుంది. ఆక్సిజన్ అందకపోతే ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల నుంచి బయటికి పంపేస్తుంది. అది ఎలా సాధ్యమో 2017లో నార్వే, బ్రిటన్ శాస్త్రవేత్తలు వివరించారు. తన ఒంట్లోనే సారా కాచుకునే చేప అన్నమాట!

ఇక అనంతగిరి చలి ఎంత? కొన్ని రాత్రులు 10 డిగ్రీల కిందకి పడిపోతుంది, నిజమే. కానీ మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. తొట్టి మూడడుగుల లోతుంటే నీళ్లు గాలి అంత త్వరగా చల్లబడవు. చేపకి మనలా సొంత వేడి ఉండదు, నీళ్లు ఎంతుంటే ఒళ్లూ అంతే. నీళ్లు చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది, కదలిక తగ్గుతుంది. అది జబ్బు కాదు, దాని చలికాలం అంతే. (ఒళ్లంతా మచ్చలు పడినా, పక్కకి ఒరిగి తేలుతున్నా వేరే సంగతి, తెలిసినవాళ్లకి చూపించాలి.) అప్పుడు జాలితో ఇంకో గుప్పెడు మేత వేస్తే అది తినదు. ఆ మేత కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. చలికి చావని చేప మన ప్రేమకి చస్తుంది.

నన్ను పట్టుకున్నది ఇక్కడే. గీత ఆరో అధ్యాయం 32వ శ్లోకంలో 'ఆత్మౌపమ్యం' అనే మాట ఉంది. ఇతరుల సుఖదుఃఖాలను తనతో పోల్చి చూసేవాడే గొప్ప యోగి అని భావం. మనలో చాలామంది దీన్ని "నాకు చలేస్తే దానికీ చలేస్తుంది" అని అర్థం చేసుకుంటాం. కానీ శ్లోకం మాట్లాడేది సుఖదుఃఖాల గురించి, స్వెట్టర్ గురించి కాదు. నా బాధ నాకు ఎంత ముఖ్యమో దాని బాధ దానికి అంత ముఖ్యం అని తెలుసుకోవాలి. ఆ బాధ ఎందులో ఉందో మాత్రం దాన్ని అడగాలి, నన్ను నేను అడిగితే తెలీదు. చేప నోటితో చెప్పదు కాబట్టి దాని గురించి నేర్చుకోవడమే అడగడం. అందుకే ఆ చెల్లెలి దయ చిన్నదని నేననను. దానికి ఇంకొంచెం చదువు కావాలి, అంతే.

ఇప్పుడు కోనేరు. భాగవతం ఎనిమిదో స్కంధంలో సత్యవ్రతుడి కథ గుర్తు తెచ్చుకోండి. కృతమాలా నదిలో తర్పణం ఇస్తుంటే దోసిట్లోకి చిన్న చేప వచ్చింది. ఆయన దాన్ని తిరిగి నదిలోనే విడిచాడు. మనం పుణ్యం అనుకునే పని! కానీ పెద్దవి తినేస్తాయి, వదలొద్దు అని ఆ చేపే వేడుకుంది. అప్పుడాయన కలశంలో పెట్టాడు. కలశం చాలక ఇంకో పాత్ర, తర్వాత చెరువు, చివరికి సముద్రం. మనం మత్స్యావతారం అనగానే ప్రళయం, ఓడ గుర్తు చేసుకుంటాం. నాకైతే ఆ పాత్రలు మార్చిన ఓపికే ఎక్కువ ఇష్టం. కాపాడతానని ఒప్పుకున్నాక పాత్ర చాలకపోతే పాత్ర మార్చాడు, "నీ దారి నువ్వు చూసుకో" అనలేదు.

కోనేట్లో వదిలిన గోల్డ్‌ఫిష్‌కి ఏమవుతుందో మనం చూడం. అందుకే మనసుకి హాయిగా ఉంటుందేమో అని నా అనుమానం. తొట్టిలో చస్తే కళ్ల ముందు చస్తుంది. పైగా అది బతికితే ఇంకో చిక్కు: బురద తవ్వి నీళ్లని మడ్డి చేస్తుంది, గుడ్లు పెట్టి పెరుగుతుంది. అమెరికాలో మిన్నెసోటాలోని బర్న్స్‌విల్ నగరం 2021లో, పెంపుడు గోల్డ్‌ఫిష్‌లని చెరువుల్లో వదలకండి బాబూ అని జనాన్ని కోరాల్సి వచ్చింది. అక్కడ ఫుట్‌బాల్ అంత చేపలు దొరికాయి మరి. మన అనంతగిరి మామూలు కొండ కాదు, మూసీ పుట్టేది అక్కడే. ఆ నీళ్లు హైదరాబాద్ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. ఆ కొండ మీది నీళ్లలో పరాయి చేపని వదిలి దాన్ని దానం అనడం నాకు మింగుడుపడదు.

అసలు అందం కోసం ప్రాణిని తొట్టిలో పెట్టడం ధర్మమేనా అని కొందరు అడుగుతారు. నా వరకు నేను కొత్తగా కొనను, కొనమని ఎవరికీ చెప్పను. కానీ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఆరింటికి ఆ చర్చ పనికిరాదు. సరిగ్గా చూసుకుంటే అవి ఇరవై ఏళ్లు కూడా బతకగలవు. ఆ చెల్లెలి దగ్గర కుదరకపోతే పెద్ద తొట్టి ఉన్నవాళ్లకి ఇవ్వచ్చు.

ఉంచుకుంటే మాత్రం, చెల్లీ, ఈ రెండు నెలలు మేత బాగా తగ్గించు. నీళ్లే 10 డిగ్రీల కిందకి వెళ్లిన రోజుల్లో అసలు వేయొద్దు. నీళ్లు ఒక్కసారిగా మొత్తం మార్చకు, కొంచెం కొంచెం మార్చు. వాటికి అసలు కష్టం చలికాలం కాదు, ఎండాకాలం. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా నిలుస్తుంది. మార్చిలోగా తొట్టి మీద ఒక గ్రీన్ నెట్ కట్టించు, వీలైతే నీళ్లు కదిలేలా చిన్న పంపు పెట్టించు.