మాల తీసిన మర్నాడు

కార్తీక మాసం వచ్చిందంటే మా పేటలో ఏ వీధి చూసినా నల్లబట్టలే. వాళ్ళలో రోజుకు రెండు పెట్టెలు కాల్చేవాళ్ళుంటారు, సాయంత్రమైతే చుక్క పడనిదే ఇంటి ముఖం చూడనివాళ్ళుంటారు, బూతు లేకుండా మాట మొదలుపెట్టలేనివాళ్ళూ ఉంటారు. మెడలో మాల పడిందో లేదో, అన్నీ బంద్. చీకటితో లేచి చన్నీళ్ళ స్నానం, కాళ్ళకు చెప్పుల్లేవు, భిక్ష, నేల మీద చాప. ఇలా నలభై ఒక్క రోజులు. డాక్టరు బెదిరించినా పెళ్ళాం ఏడ్చినా మానని మనిషి ఇన్నాళ్ళు ఎలా ఉండగలిగాడు?

ఎవరినడిగినా భయం అనే చెబుతారు. స్వామితో ఆటలా! ఆ జవాబు నాకెప్పుడూ పూర్తిగా మింగుడుపడలేదు. భయానికే అంత శక్తి ఉంటే గుండెకు స్టెంటు వేయించుకున్నవాడు మళ్ళీ సిగరెట్టు ముట్టించడు కదా. ఆసుపత్రి గేటు బయటే ముట్టించినవాళ్ళను చూశాను.

దీక్షలో భయం ఉన్నమాట నిజమే. దానితోపాటు మనం పెద్దగా పట్టించుకోనివి ఇంకో రెండున్నాయి. ఒకటి పిలుపు. మాల వేసుకున్న రోజునుంచి ఆ మనిషి అందరికీ స్వామే. నిన్నటిదాకా ఒరేయ్ అన్న మేస్త్రీ కూడా "స్వామీ, ఆ తట్ట ఇలా అందించండి" అంటాడు. కన్నతల్లి నోటా అదే మాట. రెండోది, పూజ చివర చెప్పుకునే క్షమాపణ మంత్రం. తెలిసి చేసినవీ తెలియక చేసినవీ కలిపి మన్నించమని అడుగుతారు. అది ఏడాదికోసారి చెప్పుకునేది కాదు, పూజ చేసిన ప్రతిసారీ చెప్పుకునేది. అంటే ఈ మనిషి రోజూ ఎక్కడో ఒకచోట జారుతాడని ఆ నియమాలు పెట్టినవాళ్ళకు ముందే తెలుసు. చిన్నాచితకా తప్పు దొర్లితే శరణు చెప్పుకుని, తెల్లారి మళ్ళీ చన్నీళ్ళకు లేవడమే. నియమం ఎంత కఠినమో మన్నింపు అంత చేరువ. ఈ రెండూ పక్కపక్కనే ఉండబట్టే ఆ నలభై ఒక్క రోజులు గడుస్తాయని నా నమ్మకం.

మా బాబాయి ఏటా మాల వేసేవాడు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మర్నాడు పొద్దున్నే పాన్ డబ్బా దగ్గర తేలేవాడు. పిన్ని ఊరుకునేది కాదు. "ఇన్నాళ్ళు ఉండగలిగారుగా, ఇప్పుడేం రోగమొచ్చింది?" అని గుమ్మంలోనే నిలేసేది. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. అదే మాట కాస్త మెత్తగా అడిగితే, బాబాయి సిగరెట్టు నుసి రాల్చి, "అప్పుడు నేను స్వామినిరా. ఇప్పుడు మామూలు వెధవనే కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు పక్కనపెట్టి వింటే విషయమంతా ఆ మాటలోనే ఉంది. మాలతోపాటు ఆయన మెడలోంచి దిగిపోయింది నియమాలొక్కటే కాదు, తనను తాను మర్యాదగా చూసుకోవడం కూడా. తాను వెధవనని తేల్చుకున్నవాడు వెధవ పని చేస్తే ఆశ్చర్యమేముంది?

మనిషి బాగుపడాలంటే దెబ్బ పడాలన్నది మనకు పలక పట్టిననాడే ఎక్కిన పాఠం. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం. తాతల తరానికైతే వీధిబడిలో కోదండం. బడిలో పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. ఆ చట్టానికి జడిసి బడి వదిలిన బెత్తం పంతులు మన తలకాయల్లో మకాం పెట్టినట్టున్నాడు. ఇక్కడ తనిఖీకి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

నాది గోళ్ళు కొరికే అలవాటు. చిన్నప్పుడు అమ్మ వేళ్ళకు వేపనూనె రాసింది. ఆ చేదు నాలుకకు అలవాటైందే తప్ప పళ్ళు ఆగలేదు. పెద్దయ్యాక ఆ డ్యూటీ నేనే తీసుకున్నాను. ఆఫీసులో నలుగురి మధ్య వేలు నోట్లోకి పోయిందని గమనించగానే, సిగ్గులేదూ, ఈ వయసులో ఇదేం పని, అని లోపల ఒకటి తగిలించేవాణ్ణి. చిత్రమేమిటంటే ఆ తిట్టు పడగానే హాయిగా ఉండేది. ఆ హాయి దగ్గరే కిటుకంతా ఉంది. తప్పు చేశాను, శిక్ష వేసుకున్నాను, లెక్క చెల్లు. పాత బాకీ తీర్చేశానన్న ధీమాతో కొత్త అప్పుకు చేయి చాచడం ఎంతసేపు? కొరకడం, తిట్టుకోవడం ఒకే అలవాటుకు రెండు సగాలు. ఇన్నేళ్ళూ రెండో సగాన్ని మందనుకుని మింగుతూ వచ్చాను.

తిట్టడం ఆపి ఊరికే చూడటం మొదలుపెట్టాక కొన్ని సంగతులు బయటపడ్డాయి. వేలు తిన్నగా నోటికి పోదు. ముందు బొటనవేలి కొస చూపుడువేలి గోరు అంచును తడుముతుంది. ఆ మూల నుంచి ఈ మూలకు పోయి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఎక్కడో ఆవగింజలో సగమంత గరుకు తగులుతుంది. ఇక దాన్ని సాపు చేసేదాకా మనసొప్పదు. అప్పుడు లేస్తుంది చేయి. ఇదంతా ఎక్కువగా ఎప్పుడయ్యా అంటే, ఫోన్లో ఎవరికైనా కాదని చెప్పాల్సి వచ్చి చెప్పలేకపోతున్నప్పుడు. బెత్తం ఊగుతున్నంతకాలం ఈ గరుకు సంగతి నాకు తెలియనే లేదు. ఇప్పుడు జేబులో గోళ్ళు అరగదీసే చిన్న ఆకురాయి ఉంటుంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. నేథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లోనే ఇలాంటి అలవాట్లకు ఒక చికిత్స రాశారు. చేయి ఎప్పుడెలా లేస్తోందో కనిపెట్టడం అందులో మొదటి మెట్టు, అది లేచే సమయానికి దానికి వేరే పని అప్పగించడం తర్వాతి మెట్టు.

నిండా మునిగినవాడికి చలేమిటి అన్న సామెత మనది. డైటింగు చేసేవాళ్ళందరికీ ఇది అనుభవమే. పెళ్ళి భోజనంలో ఒక్క పూతరేకు నోట్లో పడగానే, ఎలాగూ చెడింది కదా అని ఇంకో రెండు. క్లేర్ ఆడమ్స్, మార్క్ లియరీ అనే పరిశోధకులు 2007లో అచ్చువేసిన ప్రయోగం ఈ సామెత మీదే చేసినట్టుంటుంది. కాలేజీ అమ్మాయిలకు ముందు ఒక డోనట్ పెట్టారు. తర్వాత వాళ్ళలో కొందరికి, ఇవి అందరూ తింటారు, దీనికోసం మిమ్మల్ని మీరు నొప్పించుకోకండి అని చెప్పారు. ఆపైన రుచి చూడమని మిఠాయిలు ఇచ్చారు. తిండి విషయంలో కట్టడి పెట్టుకునే అమ్మాయిల్లో ఆ నాలుగు మంచిమాటలు విన్నవాళ్ళు, విననివాళ్ళకంటే తక్కువ తిన్నారు. ఎక్కువ తింటారనే కదా మన పంతులు భయం!

మనసుకు అంత చనువిస్తే నెత్తికెక్కదా అని మీరు అడుగుతారని తెలుసు. ఎక్కుతుంది, మీరిచ్చేది గారాబమైతే. గారాబం, ఒక్క సిగరెట్టేగా పర్లేదు అని మొహం తిప్పుకుంటుంది. తిట్టు మొహం మీద ఒకటి చరిచి, తనూ అటు తిరుగుతుంది. రెండింటికీ ఆ సిగరెట్టు వైపు చూసే ఓపిక లేదు. దయకు ఆ ఓపిక ఉంది. ఈరోజు నాలుగు కాల్చావు, మొదటిది ఎవరితో మాట్లాడాక కాల్చావు, అని అడిగి జవాబు వచ్చేదాకా కదలదు. నా లెక్కలో మూడింటిలోకీ కష్టమైనది అదే.

గీత రెండో అధ్యాయంలో అర్జునుణ్ణి గట్టిగా మందలించిన కృష్ణుడు ఆరో అధ్యాయానికి వచ్చేసరికి స్వరం మారుస్తాడు. మనసును పట్టడం గాలిని పట్టినట్టుంది అని అర్జునుడు మొరపెట్టుకుంటే, కష్టమే, సందేహం లేదు అని ముందు ఒప్పుకుంటాడు. అభ్యాసం, వైరాగ్యం అన్న మాటలు ఆ తర్వాతే. అంతకుముందే మనసు ఎటు పారిపోతే అటునుంచి మళ్ళీ తీసుకురమ్మని చెప్పాడు. ఎన్నిసార్లని లెక్క పెట్టలేదు, పారిపోయినందుకు శిక్షా చెప్పలేదు.

గోళ్ళకు చెల్లిన మాట అన్నిటికీ చెల్లదు. నికోటిన్ శరీరాన్ని పట్టుకున్నాక దయ ఒక్కటే చాలదు, సాయం కావాలి. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్సు దాకా పోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మాల వేసుకునే ముందు డాక్టరును కలవడం అలాంటివాడికి పౌరుషం తక్కువ పనేం కాదు. నేనింతే, నా బతుకింతే అని తిట్టుకుంటూ కూర్చున్నవాడు మాత్రం డాక్టరు దగ్గరికి పోడు. వెధవకు వైద్యం దేనికని అతని ఉద్దేశం.

2016 ఏప్రిల్ నుంచి మన దేశంలో సిగరెట్టు పెట్టె మీద 85 శాతం జాగా హెచ్చరికదే. పుండుపడిన నోటి బొమ్మ చూడనివాడు లేడు. 2018 సెప్టెంబరు నుంచి ఆ బొమ్మతోపాటు ఒక ఫోన్ నంబరు కూడా వేస్తున్నారు. మానాలనుకునేవాళ్ళకు సాయం చేసే నంబరు అది. దానికి ఫోన్ చేశానన్నవాడు మాత్రం నాకు ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు. లూజు సిగరెట్టు కొనేవాడికైతే పెట్టే కనపడదు, నంబరూ కనపడదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను: 1800-11-2356. మీకో, మీ ఇంట్లోవాళ్ళకో అవసరమైతే ఒకసారి చేసి చూడండి. డబ్బులు పడవు.