తాళం ఎటువైపు?

దొంగల భయం ఉన్నప్పుడు ఇంటికి తాళం వేసుకోవద్దని ఎవరంటారు? దేశానికీ అంతే. కానీ ఇంట్లోవాళ్ళను లోపలుంచి బయట తాళం పెట్టి, "మీ క్షేమం కోసమేనమ్మా" అంటే దాన్ని కాపలా అందామా, ఖైదు అందామా?

1975లో దేశ భద్రత పేరుతో ఎమర్జెన్సీ పెట్టి, మీసా చట్టం కింద వేలమందిని విచారణ లేకుండా జైళ్ళలో వేశారు. ఎందుకని కోర్టులో అడిగే హక్కు కూడా లేదని 1976లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురన్నారు. కాదన్నది ఖన్నాగారొక్కరే. 1977లో ఆయన్ని దాటేసి, ఆయనకన్నా జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే చెప్పడానికి 2017 దాకా పట్టింది!

తాళం ఉండాల్సిందే. తాళంచెవి ఎవరి చేతిలో ఉందని అడిగే నోరూ ఉండాలి. అడిగినవాళ్ళంతా దొంగలైపోతే, ఇల్లు ఎవరికోసం కాపాడుతున్నట్టు, చెప్పండి?