పలక పక్క చూసి కొను

నాయనా, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచిన దగ్గర్నుంచి నీ మనసంతా వింటి మీదే ఉందని మీ అమ్మ చెప్పింది. ఆమె పట్టింది కప్పీలుండే కాంపౌండ్ విల్లు. నువ్వు ఒక్క పలకలోంచి విల్లు తీస్తానంటున్నావు. తప్పకుండా చెయ్యి.

చేతి నైపుణ్యం కంటే ముందు చెక్క చూడు. మన క్రోసూరు పొలంగట్ల మీద తుమ్మ కావలసినంత ఉంది. బండి చక్రాలకు అది దిట్టమైనదే కానీ, ఆ వంకర మానుల్లో ఆరడుగుల తిన్నని పలక రావడం కష్టం. టేకు బాగా వంచితే విరుగుతుంది, దాని జోలికి పోకు. తడ చెక్క దొరికితే వదలొద్దు. వంగి మళ్ళీ నిలబడే గుణం ఉండబట్టే పూర్వం కావడిబద్దలకు దాన్ని వాడేవాళ్ళు. హాకీ కర్రలు చేసే మల్బరీ చెక్కయినా సరే. నల్లమల చెంచులు విల్లును వెదురుతో చేస్తారు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో తాటి, వెదురు, కర్ర, కొమ్ము, నాలుగు రకాల విండ్లు చెప్పాడు.

కలప డిపోలో పలకను నిలబెట్టి ముఖంతో పాటు పక్కలు కూడా చూడు. పోగు ఈ కొస నుంచి ఆ కొసదాకా నడవాలి. మధ్యలో అంచు దాటి బయటికి పోయిందంటే విల్లు అక్కడే చీలుతుంది. లాగినప్పుడు సాగేది బయటి ముఖం, పోగు తెగితే ఆ సాగుడుకు ఆగదు. ముడి ఉన్న పలక ఎంత చవకైనా వద్దు.

వింటికి నడుమ ఒకటిన్నర అంగుళం వెడల్పు, కొసల్లో అర అంగుళం చాలు. కోత ఒక్క పూట పని. అసలు ఓపిక వంపు సరిచేయడంలో కావాలి. బయటి ముఖాన్ని ముట్టుకోకు, నీ వైపు ముఖాన్నే గీకు. అల్లెతాడు ముందు వదులుగా కట్టి, విల్లును గోడకు తగిలించి కొద్దిగా లాగి, దూరం నుంచి చూడు. బిర్రుగా ఉన్న చోట గీకు. ఎక్కువ వంగిన చోట పెన్సిల్ గీత పెట్టి వదిలెయ్యి. గీకిన ప్రతిసారీ ఇరవై ముప్పై సార్లు మెల్లగా లాగితేగాని చెక్క తన మార్పు చూపించదు. లాగడానికి పన్నెండు కిలోల బలం పట్టే విల్లు కావాలంటే, సగం వంపులో ఉన్నప్పుడు కూడా పన్నెండు కిలోలు దాటి లాగొద్దు. కొక్కెం కాటా పక్కనే ఉంచుకో.

బాణం లేకుండా తాడు లాగి వదలకు, ఆ బలమంతా వింటికే తగులుతుంది. ఆట అయ్యాక తాడు దించు. మన పల్నాడు మే ఎండలో డాబా మీద పడేస్తే చెక్క అతిగా ఎండి పెళుసవుతుంది.

మిరప టిక్కీ గోతంలో పాతబట్టలు కూరి, వెనక మట్టికట్ట ఉన్నచోట గురి పెట్టు. పిట్ట మీద ఎక్కుపెట్టకు. వన్యప్రాణుల వేట 1972 చట్టం ప్రకారం నేరం.

పలక కొనే రోజు నాలుగు పక్కలూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. నేను చూసి చెప్పేదాకా డబ్బు కట్టకు.