ఋతువు దానంతటదే మారుతుంది, మరి కులం?

 

ఉపాసకులారా, ఉపాసికలారా! ధమ్మం తీసుకున్నాక ఉగాది చెయ్యొచ్చా అని మన బాపులపాడు వైపు చాలామంది అడుగుతుంటారు. వేపపువ్వు, మామిడిపిందె ఏ మతానివీ కావు. పచ్చడి తింటే ధమ్మం చెడదు. చిక్కంతా పంచాంగంతోనే. ఫలానా రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని చదువుతారు. మన పెద్దలకి అవమానం రాశిని బట్టి వచ్చిందా? పన్నెండు రాశులవాళ్లనీ ఒకే బావి దగ్గర ఆపారు కదా! ఆపింది గ్రహాలు కాదు, మనుషులు.

1957లో అచ్చయిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో బాబాసాహెబ్ ఈ సంగతి విడమరిచారు. ఋతువులు వరసగా వచ్చిపోవడం ఋతు నియమం. విత్తు చెట్టయి, కాయనిచ్చి, మళ్లీ విత్తవడం బీజ నియమం. అలాగే మనుషుల మధ్య నీతికీ ఒక క్రమం ఉంది. దాన్ని నడిపేది దేవుడు కాదు, మనం చేసే మంచిచెడ్డ కర్మలే. పోయిన జన్మ పాపం వల్ల ఈ కులంలో పుట్టామన్న మాటని ఆయన ఒప్పుకోలేదు.

నూజివీడు తోటల్నే చూడండి. మామిడిపూత మాడిపోతే దిష్టి అంటారు. తేనెమంచు పురుగో, బూడిద తెగులో పట్టి ఉంటుంది. కారణం తెలిస్తే మందు తెలుస్తుంది. దుఃఖానికి కారణం ఉంది, దాన్ని తొలగించొచ్చు అని బుద్ధుడు చెప్పింది కూడా ఇదే.

“అన్నీ అనిత్యమే, కులమూ పోతుందిలే, పోరాటమెందుకు?” అనేవాళ్లున్నారు. వసంతం మన చెయ్యి లేకుండా వస్తుంది. బీరపాదు రాదు. మారే గుణం ఉంది కాబట్టే గింజ తీగవుతుంది, కానీ పాదు తవ్వాలి, నీళ్లు పొయ్యాలి, పందిరి వెయ్యాలి. కులం ఋతువు కాదు, దానంతటదే పోవడానికి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమంది కాలం కోసం కాచుకుని కూర్చోలేదు, లేచి నడిచారు.

మన ఇంటిస్థలం రెండు సెంట్లే అయినా గోడవారన జాగా ఉంటుంది. ఎండలు ముదరకముందే బీరగింజలు రాత్రి నానబెట్టి పాదుకి నాలుగు పెట్టండి. మొలిచాక బలమైనవి రెండుంచండి. బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యకండి. రెండు నెలల్లో కాయ చేతికొస్తుంది.

మొదటి కోతలో నాలుగు కాయలు అవతలి పేటకి పట్టుకెళ్లండి. మాలపల్లె వాళ్లయితే మాదిగపల్లెకి, మాదిగపల్లె వాళ్లయితే మాలపల్లెకి. ఇచ్చేసి గుమ్మంలోంచే తిరిగి రాకండి. లోపల కూర్చుని, వాళ్లింటి మంచినీళ్లు తాగి, పిల్లల చదువుల గురించి మాట్లాడి రండి. ధమ్మం మన పెరట్లోంచి బయలుదేరేది అలాగే.

భవతు సబ్బ మంగళం!